ఏడు సీట్ల బండిలో నా సీటు ఏది?

మా ఇంట్లో నెల రోజులుగా ఒకటే మాట. కారు మార్చాలి. ఎనిమిదేళ్ళ కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు ఉంది మాకు. దాన్ని ఇచ్చేసి పెద్ద బండి, అంటే ఎస్‌యూవీ, తీసుకోవాలని మా ఆయన పట్టుదల. రాత్రి అన్నాలు తిని చేతులు కడుక్కోగానే తండ్రీ కొడుకూ ఫోన్ ముందేసుకుని కూర్చుంటారు. ఆ వీడియోల్లో ఒక కుర్రాడు బానెట్ మీద చెయ్యేసి గంటసేపు మాట్లాడతాడు. సన్‌రూఫ్ ఎంతుంది, టైరు ఎంత లావుంది, స్క్రీన్ ఎన్ని అంగుళాలు, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లలో పోతుంది. ఆత్మకూరు నుంచి వెలుగోడు పోయే దారిలో బర్రెలు అడ్డమొస్తాయి. సున్నా నుంచి వందకు వీళ్ళు ఎక్కడ పోతారో నాకు అర్థం కాదు.

నేను గిన్నెలు సర్దుకుంటూ ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. "దీంట్లో నేను యాడ కూర్చుంటా?"

ఇద్దరూ నవ్వారు. "ఏడు సీట్లుండాయి కదమ్మా, యాడన్నా కూర్చో" అన్నాడు మావాడు.

పదేళ్ళ పిల్లోడు, వాడిని ఏమనాలి? కానీ ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే ఆ బండికి ముందు కట్టాల్సిన డబ్బులో సగం, నా గాజులు బ్యాంకులో పెట్టి తేవాలని అప్పటికే నిర్ణయమైపోయింది. గాజులు ఎవరివో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ గాజులతో వచ్చే బండిలో ఆమె ఎక్కడ కూర్చుంటుందో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

అందుకే ఈసారి వంట గురించీ పిల్లల చదువు గురించీ కాకుండా కార్ల గురించి రాస్తున్నాను. ఆడవాళ్ళకు కార్ల గురించి ఏం తెలుసు అంటారు కదా. ఇంజన్ గురించి నాకు తెలియదు, ఒప్పుకుంటాను. కానీ పదహారేళ్ళుగా వెనక సీటులో కూర్చున్నదాన్ని. వెనక సీటు గురించి నాకంటే ఎక్కువ తెలిసిన మగాయన మా చుట్టాల్లో ఎవరూ లేరు, ఎందుకంటే వాళ్ళెవరూ అక్కడ కూర్చోరు.

ఒకసారి మీ ఇంటి లెక్క చూసుకోండి. బండి ఎవరు నడుపుతారు? ఇంటాయన. ఆయన పక్కన ఎవరు? మామగారో, బావగారో, అల్లుడో, ఎవరో ఒక మగమనిషి. వాళ్ళెవరూ లేకపోతే ముందు కూర్చుంటానని ఏడ్చే కొడుకు. వెనక కిటికీ పక్కన ఒకవైపు అత్త, ఇంకోవైపు ఆడపడుచు. మధ్యలో ఒళ్ళో పిల్లతో, కాళ్ళ మధ్య కూజాతో ఎవరు? కోడలు. అదే ఏడు సీట్ల బండి అయితే కోడలికి ఇంకో వరస వెనక్కి బదిలీ. పిల్లల్ని చూసుకోవాలి కదా అంటారు. బండి పెద్దదయ్యే కొద్దీ మనం ముందుకు రాలేదు, వెనక్కి పోయాం.

నాలుగేళ్ళ కింద మా మరిదివాళ్ళు ఏడు సీట్ల పెద్ద బండి కొన్న కొత్తల్లో అందరం అహోబిలం పోయాం. ఆత్మకూరు నుంచి వెలుగోడు, బండి ఆత్మకూరు, నంద్యాల, అక్కణ్ణించి హైవే ఎక్కి ఆళ్ళగడ్డ, మళ్ళీ లోపలికి అహోబిలం. వంద కిలోమీటర్లు దాటుతుంది. ఆఖరి వరసలో నేను, మా పాప, మా తోడికోడలి చిన్నోడు. ముందు కూర్చున్నవాళ్ళు "అబ్బ, ఇంట్లో కూర్చున్నట్టే ఉంది" అంటున్నారు. నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఆ వరసలో సీటుకీ కింది పలకకీ మధ్య ఎత్తు చాలా తక్కువ. కాళ్ళు కిందికి దించి కూర్చోవడానికి జాగా ఉండదు, పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్నట్టు కూర్చోవాలి. పీట మీదైతే కాసేపటికి లేస్తాం. ఇక్కడ నంద్యాల దాకా లేవలేం. పైగా ఆ సీటు వెనక చక్రాల మీదే ఉంటుంది. రోడ్డు మీద ప్రతి గుంటా ముందు సీటుకి ఒక కుదుపు అయితే ఆ సీటుకి ఎగిరి పడడం. చిన్నోడు బండి ఆత్మకూరు దాటకముందే వాంతి చేసుకున్నాడు, నా కొంగులోనే.

అసలు మాట ఇంకా చెప్పలేదు. ఆ బండిలో ఆఖరి వరస నుంచి దిగాలంటే మధ్య వరసలో వాళ్ళు దిగాలి, సీటు మడవాలి, అప్పుడు మనం వంగి, పక్కకు తిరిగి, చీర ఎత్తిపట్టుకుని దిగాలి. నా ఒక్కదాని కోసం మోకాళ్ళ నొప్పుల అత్తనీ, నిండు గర్భిణి అయిన తోడికోడలినీ దించాలా? నంద్యాల దాటిన కాడి నుంచి బాత్రూముకు పోవాల్సిన అవసరం. నోరు మూసుకుని కూర్చున్నాను. వచ్చేటప్పుడు ఆ బాధ వద్దని పొద్దంతా నీళ్ళు తాగలేదు. ఏప్రిల్ నెల ఎండలో. మూడో రోజుకి జ్వరం, మంట. డాక్టరమ్మ పరీక్ష చేసి ఇన్‌ఫెక్షన్ అని చెప్పి, "ప్రయాణంలో నీళ్ళు తాగరేంటమ్మా మీరందరూ?" అని కోప్పడింది. ఆమెకు ఏమని చెప్పను? బండి చాలా పెద్దదండీ, అందుకే తాగలేదని చెప్పనా?

ఇది చదువుతూ తల ఊపేవాళ్ళు చాలామందే ఉంటారని నాకు తెలుసు. మనం ప్రయాణం ముందు రోజు నుంచే నీళ్ళు తగ్గించుకునేవాళ్ళం. కారు కంపెనీ లెక్కల్లో ఈ లెక్క ఎక్కడా ఉండదు.

మన సీమలో పెద్ద బండికి ఒక చరిత్ర ఉంది. 1994లో టాటా సుమో వచ్చింది. కంపెనీ పెద్ద సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని మొదటి అక్షరాలతో ఆ పేరు పెట్టారు. మన దగ్గర మాత్రం సుమో అంటే పేరు కాదు, హోదా. తర్వాత ఫ్యాక్షన్ సినిమాలు వచ్చి ఆ హోదాని ఇంకా పెంచాయి. దుమ్ము రేపుకుంటూ వరసగా తెల్ల సుమోలు రావడం, జనం పక్కకు తప్పుకోవడం. ఆళ్ళగడ్డ పేరు, నంద్యాల పేరు చెప్తే బయటి ఊళ్ళవాళ్ళకు ఇప్పటికీ ఆ సినిమాలే గుర్తొస్తాయి. ఆ సినిమాలు చూసి పెరిగిన మగపిల్లలే ఇప్పుడు మన ఇంటాయనలు. వాళ్ళకు బండి అంటే ఊళ్ళోకి వచ్చేటప్పుడు ఎట్లా కనబడతామన్నది. ఆ సుమోలో వెనక ఎదురెదురుగా వేసిన రెండు చిన్న బెంచీల మీద పక్కవాటంగా కూర్చుని, బ్రేకు వేసినప్పుడల్లా ఒకరి మీద ఒకరు పడిన మన అమ్మలూ పిన్నమ్మలూ ఏ సినిమాలోనూ కనబడలేదు.

దీనికి సరిగ్గా ఎదురు కథ నానోది. నా పెళ్ళయిన 2009లోనే అది అమ్మకానికి వచ్చింది. స్కూటర్ మీద మొగుడూ పెళ్ళాం ఇద్దరు పిల్లలూ పోవడం చూసి రతన్ టాటాకి ఆ ఆలోచన వచ్చిందని అందరికీ తెలిసిందే. బయటి కొలతలో మారుతి 800 కంటే 8 శాతం చిన్నది, లోపలి జాగాలో 21 శాతం పెద్దది అని కంపెనీ అప్పట్లో చెప్పింది. అంటే మనకు కావాల్సింది అదే కదా, బయట చిన్న, లోపల పెద్ద. కానీ లక్ష రూపాయల కారు అనే ముద్ర పడిపోయింది. లోపల ఎంత జాగా ఉన్నా బయట పరువు చాలలేదు. కాలు చాపుకునే జాగా ఇచ్చిన బండి పరువు తక్కువది, కాళ్ళు ముడుచుకోవాల్సిన బండి పరువైనది. దానికి ఇంకా లోపాలూ ఉండొచ్చు, నేను కాదనను. కానీ మన ఇళ్ళల్లో దాన్ని వద్దన్నది మాత్రం పేరు చూసి, సీటు చూసి కాదు.

ఇప్పుడు లెక్కల్లోకి వస్తాను. మా ఆయన వీడియోలు చూస్తున్న రోజుల్లోనే నేనూ మధ్యాహ్నం పూట ఆ కంపెనీల పుస్తకాలు చూశాను. మీకు పనికొస్తుందని రాస్తున్నా.

మొదటిది, నాలుగు మీటర్ల గీత. 2006 బడ్జెట్ నుంచి మన దేశంలో నాలుగు మీటర్ల లోపు పొడవు, చిన్న ఇంజన్ ఉన్న బండికి పన్ను తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా అట్లాగే. ఆ గీత లోపల ఉన్నవాటికి 18 శాతం, దాటినవాటికి 40 శాతం. అందుకే కంపెనీలన్నీ ఎస్‌యూవీని కూడా 3,995 మిల్లీమీటర్ల దగ్గర ఆపేస్తున్నాయి. ఐదు మిల్లీమీటర్లు మిగిల్చి. రవిక గుడ్డ మీద టైలరు అంచు దాకా కత్తిరించినట్టు. అంటే రోడ్డు మీద అంత ఎత్తుగా, అంత గంభీరంగా కనబడే చాలా ఎస్‌యూవీలు, చిన్న కారు అనిపించుకునే కొన్ని కార్లు, పొడవులో ఒకటే.

రెండోది, వీల్‌బేస్. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా ఉన్న దూరం. మనుషులు కూర్చునే జాగా ఎక్కువగా ఈ దూరంలోనే ఉంటుంది. హ్యుందాయ్‌వే రెండు బండ్లు చూడండి. 2019లో వచ్చిన వెన్యూ ఎస్‌యూవీ, పొడవు 3,995, వీల్‌బేస్ 2,500. 2020లో వచ్చిన ఐ20 మామూలు కారు, పొడవు అదే 3,995, వీల్‌బేస్ 2,580. చిన్న కారు అనుకున్నదానిలోనే చక్రాల మధ్య 80 మిల్లీమీటర్లు, మూడు అంగుళాల పైన ఎక్కువ. మారుతివే రెండు. బ్రెజా ఎస్‌యూవీ వీల్‌బేస్ 2,500, బలెనో మామూలు కారు 2,520. ఇక్కడ కూడా "పెద్దది" వెనకబడే ఉంది. వెడల్పులో బ్రెజా 45 మిల్లీమీటర్లు ఎక్కువ, నిజమే. వెనక ముగ్గురికి పంచితే మనిషికి అర అంగుళం పైన చిల్లర. ఆ అర అంగుళమైనా బయటి రేకుతో కలిపిన లెక్క.

మూడోది, ఎత్తు. ఎస్‌యూవీ ఎత్తు కదా, తలకు తగలదు అంటారు. వ్యాగన్ ఆర్ ఎత్తు 1,675 మిల్లీమీటర్లు, బ్రెజా ఎత్తు 1,685. తేడా 10 మిల్లీమీటర్లు, చిటికెన వేలి మందం. పైగా ఎస్‌యూవీ కింది పలక నేల నుంచి ఎక్కువ ఎత్తులో ఉంటుంది. మొత్తం ఎత్తులో కొంత అట్లా బండి కిందే పోతుంది. అది గుంటలకు మంచిదే. కానీ అది లోపలి జాగా కాదు, బయటి జాగా.

నాలుగోది నాకు అన్నింటికంటే ముఖ్యమైంది, సామాను. ఏడు సీట్లూ వేసి ఏడుగురూ కూర్చుంటే వెనక సామాను ఎక్కడ పెడతారు? ఎర్టిగాలో మూడు వరసలూ వేసి ఉంటే డిక్కీ 209 లీటర్లు. ట్రైబర్‌లో అయితే 84 లీటర్లు. ఐదు సీట్ల వ్యాగన్ ఆర్‌లో 341 లీటర్లు. మన భాషలో చెప్పాలంటే 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాన్లు లెక్కేయండి. వ్యాగన్ ఆర్‌లో ఐదుగురికి పదిహేడు క్యాన్లంత జాగా. ఎర్టిగాలో ఏడుగురికి పది క్యాన్లు. ట్రైబర్‌లో నాలుగు. ఆ బండ్లు చెడ్డవని చెప్పడం లేదు. ఆఖరి వరస మడిస్తే వాటిలో బోలెడు జాగా వస్తుంది. కానీ ఏడుగురు కూర్చున్న రోజు ఓలిగల డబ్బా, పులిహోర గిన్నె, చిన్నపిల్లల బట్టల సంచి, పట్టుచీరల పెట్టె ఎక్కడికి పోతాయి? ఒళ్ళోకి. ఎవరి ఒళ్ళోకో చెప్పాల్సిన పని లేదు.

ఇక ఎక్కడం, దిగడం. మా అత్తకు అరవై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మరీ కిందికి ఉండే చిన్న కారు అయితే కుర్చీలోకి పడిపోయినట్టు కూర్చుంటుంది, లేవాలంటే ఇద్దరు చెయ్యి పట్టాలి. మరీ ఎత్తు బండి అయితే అసలు కాలు పైకి పోదు. మా మరిది బండి ఎక్కాలంటే ఇప్పటికీ ప్లాస్టిక్ స్టూలు వేస్తాం. ఆ స్టూలు బండిలోనే పెట్టుకుని తిరుగుతాం. ఎత్తు ఎక్కువా తక్కువా అని కాదు ఇక్కడ చూడాల్సింది. నిలబడినప్పుడు సీటు మన నడుము కింద తగలాలి. ఒకసారి పక్కవాటంగా కూర్చుని, రెండు కాళ్ళూ లోపలికి తిప్పుకోగలగాలి. చీర కట్టుకుని, మోకాలు నొప్పితో, ఒక చేతిలో సంచితో. వ్యాగన్ ఆర్‌లాంటి నిలువు కార్లలో కొన్ని దీనికి బాగా కుదురుతాయి, చిన్న ఎస్‌యూవీల్లో కూడా కొన్ని కుదురుతాయి. పేరును బట్టి తెలియదు, కూర్చుంటేనే తెలుస్తుంది.

ఇప్పుడు మా ఆయన వాదనలు కూడా న్యాయంగా రాస్తాను. ఆయన చెడ్డవాడు కాదు. పైగా ఇది చదువుతాడు.

"మనది ఉమ్మడి కుటుంబం లాంటిది, ఏడుగురం పోవాల్సి వస్తాది" అంటాడు. సరే, నేను క్యాలెండర్ తీసి పోయిన సంవత్సరం లెక్కేశాను. ఏడుగురం కలిసి పోయింది ఆరు రోజులు. సంక్రాంతికి ఒకసారి, ఆళ్ళగడ్డ పెళ్ళికి రెండు రోజులు, మహానందికి ఒకసారి, శివరాత్రి ముందు శ్రీశైలం ఒకసారి, ఒకసారి ఆస్పత్రికి. మిగిలిన రోజులన్నీ నలుగురమో, ఇద్దరమో, ఆయన ఒక్కడో. ఆరు రోజుల కోసం ఏడేళ్ళ కంతులా? ఆ ఆరు రోజులకు డ్రైవరుతో సహా పెద్ద బండి బాడుగకు మాట్లాడుకుంటే నా గాజులు చేతికే ఉంటాయి. నిజంగా ప్రతి వారం ఏడుగురు తిరిగే ఇల్లయితే, ఆఖరి వరసలో పెద్దమనిషి కూర్చోగలిగే పొడుగు బండి కొనండి, అది తప్పు కాదు. నాలుగు మీటర్లలో ఏడు సీట్లు ఇరికించినదాన్ని చూసి "ఏడుగురికి సరిపోతుంది" అని మాత్రం చెప్పుకోవద్దు. సీటు ఉండడం వేరు, మనిషి పట్టడం వేరు.

"మన రోడ్లకు ఎత్తు బండే కరెక్టు" అంటాడు. ఇది నిజం. నల్లరేగడి దారిలో చేను కాడికి పోయేవాళ్ళకు, వానాకాలం వాగు దాటాల్సిన ఊళ్ళవాళ్ళకు నేల నుంచి ఎత్తు కావాల్సిందే. కానీ మా చేను తారు రోడ్డు పక్కనే ఉంది. దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే అడవి దారికీ తారే ఉంది. ఆ ఘాటు మలుపుల్లో చిన్న కారు ముందు సీటు కంటే పెద్ద బండి ఆఖరి సీటే పిల్లల్ని ఎక్కువ వాంతులు చేయిస్తుందని నా కొంగు సాక్ష్యం చెప్తుంది.

"పెద్ద బండి అయితే సేఫ్టీ" అంటాడు. ఇక్కడ నేను నవ్వను, ఎందుకంటే ఇది ప్రాణాల సంగతి. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన ఎస్‌యూవీలోనే. ఆయన వెనక సీటులో ఉన్నాడు, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అంత బండి కూడా బెల్టు లేని వెనక మనిషిని కాపాడలేదు. వెనక సీటులోనూ బెల్టు పెట్టుకోవాలని రూల్సులో ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టో పిల్లల సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. ఒళ్ళో బిడ్డ, మధ్యలో బెల్టు లేని తల్లి, ఇది ఏ బండిలోనూ సేఫ్టీ కాదు. చాలా పాత కార్లలో మధ్య సీటుకి నడుము బెల్టు ఒక్కటే ఉంటుంది, అదీ సీటు సందులో ఎక్కడో దూరిపోయి ఉంటుంది. 2023 నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన దేశంలోనే బండ్లను గుద్దించి నక్షత్రాలు ఇస్తున్నారు. అందులో పెద్దవాళ్ళకు వేరే, పిల్లలకు వేరే మార్కులు. సేఫ్టీ కావాలంటే ఆ మార్కులు చూద్దాం, ప్రతి సీటుకీ పూర్తి బెల్టు ఉందా చూద్దాం. బానెట్ ఎత్తు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

ఇంతా వాదించాక పోయిన ఆదివారం నంద్యాల పోయాం, ఒక షోరూముకి. నేనూ వస్తానన్నాను, అత్తనూ తీసుకొస్తానన్నాను. "ఆమె ఎందుకే?" అన్నాడు. "కూర్చునేది ఆమె కదా" అన్నాను.

అక్కడి అబ్బాయి మా ఆయనతోనే మాట్లాడాడు. నేను రెండుసార్లు అడిగితే రెండుసార్లూ జవాబు ఆయన వైపు తిరిగే చెప్పాడు. మా ఆయన స్టీరింగు పట్టుకుని కూర్చుని అద్దంలో చూసుకుంటుంటే, నేను చెప్పాను: "నువ్వు రోజూ కూర్చునే సీటు అది. దాంట్లో ఏం తెలుస్తాది? ఒక్కసారి వెనక్కి రా."

మొహమాటపడ్డాడు. కానీ వచ్చాడు. ఆఖరి వరసలోకి దూరేటప్పుడు తల ఒకసారి, మోకాలు ఒకసారి తగిలింది. కూర్చున్నాక సీటు ముందుకు వేయించి, తలుపులు మూయించాను. నేను అత్త పక్కన మధ్య వరసలో కూర్చుని, చేతిలోని టిఫిన్ క్యారియరూ సంచీ తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. "పది నిమిషాలు కూర్చో, నంద్యాల దాకా వచ్చినామనుకో" అన్నాను. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నాలుగు నిమిషాలు కాగానే గొంతు వినిపించింది. "ఈడికి ఏసీ రాదా?"

ఆ అబ్బాయి బయటి నుంచి వంగి చెప్పాడు. "సార్, లాస్ట్ రోలో ఎవురు కూర్చుంటారు సార్? లేడీసూ పిల్లలే కదా."

నేను ఏమీ అనలేదు. మా అత్తే అంది: "ఏం నాయనా, లేడీసుకు చెమట పట్టదా?"

ఆ అబ్బాయి మంచివాడే, సిగ్గుపడ్డాడు. వాడి తప్పు కూడా కాదు. వాడి దగ్గరికి వచ్చిన మగవాళ్ళెవరూ ఆ సీటు గురించి ఇంతవరకు అడిగి ఉండరు. అడగని ప్రశ్నకు జవాబు ఎవరు తయారుచేసి పెట్టుకుంటారు?

అమ్మలారా, అక్కలారా, నేను చెప్పేది ఒక్కటే. చిన్న కారు గొప్పదని కాదు, పెద్ద బండి చెడ్డదని కాదు. ఇంట్లో కారు కొనేటప్పుడు దాని సుఖాన్ని అన్నింటికంటే ఇరుకైన సీటులో కొలవమని అడగండి. ఆ సీటులో మన వాళ్ళలో ఎవరు కూర్చుంటారో వాళ్ళనే కూర్చోబెట్టి కొలవమనండి. షోరూముకి మీరు పోండి. డ్రెస్సు కాదు, పెళ్ళికి కట్టే పట్టుచీరతో పోండి. అత్తను తీసుకుపోండి, ఆమె సొంతంగా ఎక్కి దిగగలదా చూడండి. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందీ ఒకేసారి కూర్చుని తలుపులు వేసుకోండి. మీరు రోజూ మోసే సంచులు తీసుకుపోయి డిక్కీలో పెట్టి చూడండి. మధ్య సీటు కింద బుడిపె ఎంతుందో పాదం పెట్టి చూడండి. వెనకకు గాలి వస్తుందా చెయ్యి పెట్టి చూడండి. ప్రతి సీటు బెల్టూ లాగి చూడండి. ఆఖరి వరస నుంచి ఎవరినీ దించకుండా దిగగలరా అన్నది తప్పకుండా చూడండి. సిగ్గు ఎందుకు? పదివేల చీర కొనేటప్పుడు నలభై చీరలు విప్పిస్తాం. పది లక్షల బండికి నాలుగు తలుపులు తీయించలేమా?

మా ఇంట్లో సంగతి ఇంకా తేలలేదు. వచ్చేటప్పుడు దారంతా ఆయన పెద్దగా మాట్లాడలేదు. వెలుగోడు దగ్గర టీ తాగడానికి ఆపి, నా వైపు చూడకుండానే, "ఆ నిలువు కారు కూడా ఒకతూరి చూద్దాంలే" అన్నాడు. మావాడు సన్‌రూఫ్ లేదని అలిగి కూర్చున్నాడు. అలగనీ. వాడికి కూడా రేపు పెళ్ళవుతుంది, వాడి భార్య కూడా ఎక్కడో ఒక సీటులో కూర్చోవాలి.

నా గాజులు మాత్రం బీరువాలోనే ఉన్నాయి. కారు ఏదన్నా కానీ, అందులో కిటికీ పక్కన, నేను చెయ్యి చాపి తలుపు తీసుకుని ఎవరినీ అడగకుండా దిగగలిగే సీటు నాకు ఏదో చూపించాకే అవి బ్యాంకుకి పోతాయని చెప్పేశాను. వచ్చే ఆదివారం మళ్ళీ నంద్యాల పోతున్నాం. ఈసారి నీళ్ళ బాటిల్ నిండుగా తీసుకుపోతాను.